డోర్నకల్ అజరయ్యగారు

పిల్లలూ, చెన్నై నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైలు మీలో చాలామంది ఎక్కే ఉంటారు. అమ్మకో నాన్నకో బదిలీ కాగితం రావడం, పెట్టెలు సర్దడం, స్నేహితులకు ఫోను నంబర్లు రాసివ్వడం, బండెక్కడం మనకు అలవాటైన పనులే. ఆ దారిలో విజయవాడ దాటి, ఖమ్మం కూడా దాటాక డోర్నకల్ అనే జంక్షన్ వస్తుంది. అక్కడ ఒక లైను పక్కకు చీలి సింగరేణి బొగ్గుగనుల వైపు పోతుంది. బదిలీల మీద మేము ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. చాలాసార్లు ఆ స్టేషను మా నిద్రలోనే వెళ్లిపోయింది.

నూరేళ్ల కిందట ఆ ఊళ్లో ఒక మనిషి దిగాడు. ఆయనది తెలుగుదేశం కాదు. తెలుగు ఆయన తల్లిభాష కాదు. ఎవరూ ఆయన్ని బదిలీ చేయలేదు. తానే కోరి వచ్చి, ముప్పై అయిదేళ్లు అక్కడే ఉండి, అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఊరు మారడం, భాష మారడం, కొత్త తరగతిలో చివరి బెంచీ మీద కూర్చోవడం బాగా తెలిసిన పిల్లలకు ఆయన కథ చెప్పాలని మాకు చాలా రోజులుగా ఉంది. మన పత్రికలో తెలుగుకు దొరికే నాలుగైదు పేజీల్లో ఈసారి ఆయనకు చోటిస్తున్నాం.

ముందు పేరు సంగతి. అజరయ్య అంటే రామయ్య, వెంకయ్య లాగా అచ్చం మన పల్లెటూరి పేరులా ఉంటుంది. నిజానికి అది బైబిల్లోని హెబ్రీ పేరు. దేవుడు సాయం చేశాడని దానికి అర్థం. తెలుగువాళ్ల నోట్లో పడి చివర అయ్య చేరింది. కొత్త ఊళ్లో మన పేర్లు కూడా ఎవరో ఒకరు ఇలాగే మార్చి పిలుస్తారు కదా!

ఆయన పుట్టింది 1874 ఆగస్టు 17న, తమిళనాడు దక్షిణపు కొసన, తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై అనే చిన్న ఊళ్లో. అది ఎర్ర ఇసుక నేల. ఎటు చూసినా తాటిచెట్లు. తాటిచెట్లెక్కి కల్లు, నీరా దించి తాటిబెల్లం వండే నాడార్ కులంవాళ్లు అక్కడ ఎక్కువ. అప్పట్లో వాళ్లను గుళ్లలోకి రానిచ్చేవారు కాదు. అజరయ్యగారి కుటుంబం ఆ కులానిదే. తండ్రి థామస్ వేదనాయగం హిందూ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం తీసుకుని, ఆ ఊరి సంఘానికే గురువయ్యాడు. అజరయ్యకు పదిహేనేళ్లు నిండేలోపే తండ్రి పోయాడు. తర్వాత పెంపకమంతా తల్లి ఎల్లెన్‌దే. ఆవిడ మహా కచ్చితమైన మనిషి.

కుర్రవాడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివాడు. బి.ఎ. పరీక్షల వేళకు జబ్బుపడటంతో డిగ్రీ చేతికి రాలేదు. మళ్లీ రాయనూ లేదు. ఈ సంగతి పరీక్షల ముందు మీకు చెప్పడం మాకు అంత మంచిది కాదు! కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ డిగ్రీ లేని మనిషికే 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో ఆయన యువకుల క్రైస్తవ సంఘంలో, అంటే వై.ఎం.సి.ఎ.లో, కార్యదర్శిగా చేరాడు. ఊరూరూ తిరిగే ఉద్యోగం. దక్షిణాదిలో రైలు వెళ్లే ఊళ్లన్నీ, వెళ్లని ఊళ్లు కొన్ని ఆయనకు పరిచయమయ్యాయి. షేర్వుడ్ ఎడీ అనే అమెరికా కుర్రవాడు జతగా తిరిగేవాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. 1898లో అంబు మరియమ్మాళ్‌తో పెళ్లయింది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకరు. ఈ అంబుగారి మాట ముందు ముందు మళ్లీ వస్తుంది.

1902లో అజరయ్య ఉద్యోగం పని మీద సింహళం వెళ్లాడు. అక్కడి జాఫ్నాలో ఒక సంగతి చూశాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషుల్ని, వేరే చోటికి సేవకు పంపుతున్నారు. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఏ తెల్లదొరా ఖర్చు పెట్టలేదు. అజరయ్యకు తన ఊరు గుర్తొచ్చింది. తిరునెల్వేలిలో క్రైస్తవులు వేలల్లో ఉన్నారు. బడులున్నాయి, గుళ్లున్నాయి. అన్నీ ఎవరో ఇచ్చినవే. ఇంతమందిమి ఇన్నేళ్లుగా తీసుకుంటూనే ఉన్నాం, మేము ఎవరికి ఏమిచ్చాం అన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. మా లెక్కలో ఆయన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకు రాసుకున్న జవాబే.

తిరిగొచ్చి ఊరుకోలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం మొదలైంది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నడిపించేదీ మనమే అన్నది దాని పద్ధతి. పని చేయడానికి చోటు వెతికితే నిజాం రాజ్యంలో, తెలుగు మాట్లాడే డోర్నకల్ ప్రాంతం దొరికింది. రెండేళ్లకు, 1905 క్రిస్మస్ రోజున, దేశమంతటి కోసం ఇలాంటిదే ఇంకో సంఘం పెట్టారు. బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పేరున్న గ్రంథాలయంలో ఆ సమావేశం జరిగింది. వచ్చినవాళ్లందరూ భారతీయులే. దానికీ అజరయ్యే కార్యదర్శి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. సంఘం పెట్టడం, సభల్లో మాట్లాడటం, చందాలు పోగు చేయడం తేలిక అని మేము అనం కానీ, ఇంట్లో ఉండి చేయగల పనులవి. డోర్నకల్‌కు వెళ్లేవాళ్లు కావాలి. అది అడవి సీమ. జ్వరాలు ఎక్కువ. భాష రాదు. అజరయ్య ఊరూరూ తిరిగి కుర్రవాళ్లను వెళ్లమని అడుగుతున్నాడు. అడుగుతున్న కొద్దీ తానెందుకు వెళ్లలేదన్న మాట లోపల గుచ్చుకుంది. 1909లో మంచి ఉద్యోగం, పేరు, దేశమంతటా ఉన్న పరిచయాలు వదిలేసి, గురువుగా అభిషేకం తీసుకుని, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. మీ మాస్టర్లలో చాలామంది వయసు.

అప్పుడు మొదలైంది తెలుగు చదువు. తమిళులకు తెలుగు నేర్పిన అనుభవం మాకు ఉంది కాబట్టి ఇందులో కష్టం ఎక్కడుందో చెప్పగలం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. ఎక్కడ ఎలా పలకాలో చోటును బట్టి తెలుసుకోవాలి. అలా పెరిగిన చెవికి గాలి, కాలి అనే రెండు మాటలు వేరుగా వినబడటానికే కొన్నాళ్లు పడుతుంది. పైగా రెండు భాషల్లో ఒకేలా ఉండి అర్థం వేరయ్యే మాటలు దారికి అడ్డం పడుతుంటాయి.   అజరయ్య ఈ తిప్పలన్నీ పడి, తెలుగులో ప్రసంగాలు చేసేదాకా, పుస్తకాలు రాసేదాకా వచ్చాడు. ముప్పై అయిదేళ్ల వయసులో మొదలుపెట్టిన భాషలో.

పల్లెలకు ఎడ్లబండి మీద, సైకిలు మీద వెళ్లేవాడు. మొదటి రోజుల్లో గుడారంలో కాపురం. చుట్టూ అడవిలో పులులు తిరిగేవి.

మరుసటి ఏడాది, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు. అందులో ఆసియా వాళ్లు ఇరవై మంది లోపే. అజరయ్యకు మాట్లాడే అవకాశం వచ్చింది. అందరూ కృతజ్ఞతలు చెబుతాడని అనుకున్నారు. ఆయన కృతజ్ఞత చెప్పాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. మా దేశానికొచ్చి మీరు సేవ చేస్తున్నారు, త్యాగాలు చేస్తున్నారు, కానీ మాతో కూర్చుని అన్నం తినరు, మమ్మల్ని ఇంటికి పిలవరు, మాకు కావలసింది మీ దయ కాదు స్నేహం అని ఆ అర్థంలో మాట్లాడాడు. సభలో కొందరు మొహాలు మాడ్చుకున్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ మహాసభలో జరిగిన వందల ప్రసంగాల్లో ఈనాటికీ జనం తలుచుకునేది ఆ ఒక్కటే. ఆ మాటలు అన్నప్పుడు ఆయన పక్కన షేర్వుడ్ ఎడీ లాంటి తెల్ల స్నేహితులు ఉన్నారన్నది మరిచిపోకూడదు. స్నేహం రుచి తెలిసినవాడు కాబట్టే అది లేని లోటు చెప్పగలిగాడు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్లో అజరయ్యను బిషప్ చేశారు. చాలా సంఘాలు కలిస్తే ఒక అధ్యక్ష ఖండం, దాని పెద్ద బిషప్. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తేలికగా కాలేదు. భారతీయుడి కింద తెల్లవాళ్లు పని చేయడమా అని కొందరు దొరలు అడ్డుపడ్డారు. ఇదీ విచిత్రం, కులం లెక్కలు చూసి కొందరు భారతీయులూ అడ్డుపడ్డారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబెట్టాడు. ఆ రోజు డోర్నకల్ ఖండం చిన్నది. తర్వాత కృష్ణా జిల్లా వైపు సంఘాలు కూడా కలిశాయి. అక్కడ పాతుకుపోయిన ఇంగ్లీషు మిషనరీలు ఆయన చేతి కింద పని చేశారు.

ఇంక ఆ సంఘాల్లో మనుషులెవరో చెప్పాలి. ఎందుకంటే అజరయ్య కథలో బిషప్ గారికన్నా వాళ్లే ముఖ్యం. ఊరికి దూరంగా ఉండే మాలపల్లెలు, మాదిగపల్లెల జనం. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. పాలేర్లుగా, కూలీలుగా బతికేవారు. నిజాం రాజ్యంలో వెట్టిచాకిరి సంగతి మీరు చరిత్రలో చదువుతారు, ఆ వెట్టి వీళ్ల నెత్తినే ఎక్కువ పడేది. చదువు అన్నది వాళ్ల దరిదాపుల్లో లేదు. ఇలాంటివాళ్లకు ఏదైనా ఇవ్వాలని దయగలవాళ్లు ఎవరికైనా అనిపిస్తుంది. అజరయ్యకు మాత్రం జాఫ్నాలో పుట్టిన ప్రశ్న ఇంకా వదల్లేదు. ఇస్తూ పోతే వీళ్లు ఎప్పటికీ చేయి చాపి నిలబడతారని ఆయనకు భయం. తన తిరునెల్వేలిలో అదే జరిగింది కదా!

కాబట్టి ఆయన అడిగాడు. ఏమీ లేనివాళ్లను ఇవ్వమని అడిగాడు.

వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. వారానికోసారి ఆ కుండ సంఘానికి తేవాలి. కోత పండుగ రోజున ఎవరి చేతనైనంత వాళ్లు తెచ్చేవారు. ధాన్యం, గుడ్లు, కోడి, గుమ్మడికాయ, సొరకాయ. అవన్నీ అక్కడే వేలం వేసేవారు. ఆ డబ్బు పల్లెలో చదువు చెప్పే ఉపదేశి జీతానికి, గుడి పైకప్పుకు పోయేది. పిడికెడు బియ్యమంటే ఎంతని మీకు అనిపించవచ్చు. రోజుకు ఒక పూటే పొయ్యి వెలిగే ఇంట్లో అది పిల్లవాడి పళ్లెంలోంచి తగ్గే ముద్ద. ఈ పద్ధతి న్యాయమేనా అని మేము ఇంట్లో వాదించుకున్నాం కూడా. బీదల దగ్గర తీసుకోవడమేమిటని ఒకరం, తీసుకోకపోతే వాళ్లు ఎప్పటికీ ఇంకొకరి గుళ్లో అతిథులే కదా అని ఇంకొకరం. ఆ వాదన తెగలేదు. అజరయ్యకు మాత్రం సందేహం లేదు. ఇవ్వడం గురించి ఆయన ఒక చిన్న పుస్తకమే రాశాడు. అది చాలా భాషల్లోకి వెళ్లింది.

ఇవ్వడం బియ్యంతో ఆగేది కాదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్లూ తమ చేయి తమ నెత్తిన పెట్టుకుని, తాను విన్న మంచి మాట ఇంకొకరికి చెప్పకుండా ఉండనని ఒట్టు పలకాలి. అక్షరం రాని కూలీకీ ఇదే నియమం, బిషప్‌కీ ఇదే. చెప్పే పని గురువులదీ జీతగాళ్లదీ కాదు, అందరిదీ. ఏటా ఒక వారం పాటు సంఘమంతా, ఆడా మగా, పక్క ఊళ్లకు పాడుకుంటూ వెళ్లేవారు. చదువు రానివాళ్లకు బైబిలు కథలు పాటలుగా వచ్చేవి. తెలుగు బాణీల్లో, డప్పులతో తాళాలతో పాడే పాటలు. ఇంగ్లీషు బాణీలను తెలుగు నోళ్లతో ఈడ్చి పాడించడం అజరయ్యకు నచ్చేది కాదు. పగలంతా పొలంలో పనిచేసి వచ్చినవాళ్లకు రాత్రి లాంతరు వెలుగులో అక్షరాలు.

నాలుగు దయ్యాలతో యుద్ధమని ఆయన పల్లెల్లో చెప్పేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు. అందులో అప్పు దయ్యాన్ని వదిలించడానికి సహకార సంఘాలు పెట్టించాడు. మురికి, రోగాల పని అంబుగారు తీసుకున్నారు. పల్లె ఆడవాళ్లను కూడగట్టి, పిల్లల పెంపకం, శుభ్రత, ప్రార్థన అన్నీ కలిపి నేర్పేవారు. గురువు కావడానికి డోర్నకల్ వచ్చే మనిషి భార్యను కూడా వెంట తేవాలి, ఆమె కూడా చదువుకోవాలి అన్నది అక్కడి నియమం. 1910ల్లో, 20ల్లో ఈ నియమం పెట్టిన చోట్లు దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి!

అన్నిటికన్నా కష్టమైనది వేరే ఉంది. మాలలు, మాదిగలు ఇద్దరినీ ఊరు దూరం పెట్టింది. కానీ వాళ్లలో వాళ్లకూ దూరమే. ఒకరి ఇంట్లో ఒకరు తినరు. ఒకరి బావి దగ్గరికి ఒకరు వెళ్లరు. క్రైస్తవులైనంత మాత్రాన ఇది పోలేదు. మాలలున్న గుడికి మాదిగలు రారు, వాళ్లున్న చోటికి వీళ్లు రారు. ఇక్కడ అజరయ్య ఒక్క మెట్టు కూడా దిగలేదు. ప్రభు భోజనం నాడు రొట్టె ఒక్కటే, గిన్నె ఒక్కటే. అందరూ ఆ గిన్నెకే నోరు పెట్టి తాగాలి. ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చు, గిన్నె మాత్రం రెండవదు. తాటిచెట్ల సీమలో గుడి బయట నిలబెట్టిన కులంలో పుట్టినవాడు చెప్పాడు కాబట్టి ఆ మాటకు బరువుంది.

ఇంత చేసినా కులం పూర్తిగా పోయిందని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టు. పెళ్లిళ్ల దగ్గర అది మళ్లీ తలెత్తింది, ఇప్పటికీ ఎత్తుతూనే ఉంది. కానీ ఇంకో సంగతి కూడా జరిగింది. మాల మాదిగపల్లెల్లో తాగుడు తగ్గి, ఇళ్లు శుభ్రపడి, పిల్లలు చదవడం చూసి, ఊళ్లో రైతు కులాలవాళ్లు కూడా కొందరు ఆ సంఘాల్లోకి వచ్చారు. తాము గడప దాటనివ్వని వాళ్ల పక్కన కూర్చుని, అదే గిన్నెలో తాగారు. అజరయ్య చివరి రోజులకు డోర్నకల్ ఖండంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇంత పెద్ద మార్పు అందరికీ నచ్చదు కదా. 1930ల్లో గాంధీగారితో అజరయ్యకు గట్టి భేదాభిప్రాయం వచ్చింది. బీదల అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని మతం మారుస్తున్నారని గాంధీగారి బాధ. బీదవాడికి కూడా ఆలోచించే బుద్ధి ఉంది, తన దారి తాను ఎంచుకునే హక్కు ఉంది, అతను మారింది మా మాటకు కాదు తన మనసుకు అని అజరయ్య జవాబు. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవాళ్లే. క్రైస్తవులకు ఎన్నికల్లో వేరే నియోజకవర్గాలు వద్దని, వేరుపడితే తోటివారికి దూరమైపోతామని అజరయ్యే గట్టిగా చెప్పాడు. ఆ సంగతిలో గాంధీగారిదీ ఆయనదీ ఒకే వైపు. ఇద్దరు మంచివాళ్లు ఒక విషయంలో కలిసి ఇంకో విషయంలో విడిపోవడం చరిత్రలో తరచూ కనిపిస్తుంది. ఎవరిది ఒప్పన్నది పెద్దయ్యాక మీరు చదివి తేల్చుకోండి.

ఇక గుడి సంగతి. రైల్లో వెళ్తూ డోర్నకల్ పేరు వినగానే మాకు గుర్తొచ్చేది అదే. బిషప్ ఉన్న ఊళ్లో పెద్ద గుడి ఉండాలి. దాన్ని కథీడ్రల్ అంటారు. మన దేశంలో చాలా కథీడ్రళ్లు ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు ఉంటాయి. సూదిగా పైకి పోయే శిఖరం, రంగు అద్దాలు, చలిదేశపు గోడలు. అజరయ్య అలా వద్దన్నాడు. ఈ నేల మీద కట్టే గుడి ఈ నేల మీద పుట్టినట్టు ఉండాలన్నాడు. పైన మసీదుల్లో ఉండే గుమ్మటాలు. లోపల దక్షిణాది దేవాలయాల్లో ఉండే రాతి స్తంభాలు, పన్నెండు మంది శిష్యులకు గుర్తుగా పన్నెండు. స్తంభాల మీద చెక్కడాలు చూడాలి. ఉమ్మెత్త పువ్వుంది, అది మరణానికి గుర్తు. అరటి పువ్వుంది. అరటిచెట్టు గెల వేశాక చచ్చిపోతుంది, దాని చావులోంచే పంట వస్తుంది. ఇది మన పెరళ్లలో కనిపించేదే, పుస్తకం అక్కర్లేదు. తామర ఉంది, అది మన దేశం. తామర మీద సిలువ. నిజాం రాజ్యంలో ఉర్దూ వింటూ, తెలుగు మాట్లాడుతూ, ఇంట్లో తమిళం పలుకుతూ బతికిన మనిషికి అలాంటి గుడే తోచింది మరి.

కట్టడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. డబ్బు లేక పని ఆగేది, మళ్లీ మొదలయ్యేది. నడుమ ఒక ప్రపంచ యుద్ధం. పిడికెడు బియ్యం ఇచ్చేవాళ్ల బిషప్ అప్పు చేసి గుడి కట్టలేడు. 1939 జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ రోజున, దాన్ని ప్రతిష్ఠించారు. ఆ పండుగ పేరే గుడికి పెట్టారు. రాజులకు కాదు, దూరదేశం నుంచి నడిచొచ్చిన పరాయివాళ్లకు సంబంధించిన పండుగ అది. ఆయన ఆ పేరు ఎందుకు ఎంచుకున్నాడో మనకు తేలిగ్గానే అర్థమవుతుంది.

చివరి ఇరవై అయిదేళ్లూ ఆయన ఇంకో పని నెత్తిన వేసుకున్నాడు. విదేశాల నుంచి వచ్చిన మిషన్లు ఒక్కొక్కటి ఒక్కో శాఖను తెచ్చాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు. ఈ పేర్లు పలకడానికే మన నాలుక తిరగదు. ఎక్కడో యూరపులో మూడు నాలుగు వందల ఏళ్ల కిందట వాళ్లు వాళ్లు పోట్లాడుకుని విడిపోతే, ఆ పోట్లాట పేర్లు మన పల్లెలో పాలేరు ఎందుకు మోయాలి? మాలా మాదిగా ఒక్క గిన్నెలో తాగమని చెప్పే సంఘాలే ఒకదాని గిన్నె ఒకటి ముట్టకపోతే ఎలా? 1919లో తమిళ తీరంలోని తరంగంబాడిలో కొద్దిమంది కూర్చుని అందరూ ఒకటి కావాలని నిర్ణయించారు. దాదాపు అందరూ భారతీయులే. వాళ్లలో అజరయ్య ముందున్నాడు. తర్వాత ఏళ్ల తరబడి చర్చలు, ఉత్తరాలు, సభలు. ఒక్కో మాట దగ్గర ఏడాదులు ఆగిపోయేది. ఆ ఓపిక మాకు లేదు. ఒక స్టాఫ్ మీటింగు గంట దాటితేనే మేము గడియారం చూస్తాం.

1944 చివర్లో కూడా ఆయన పల్లెల్లో తిరుగుతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక జ్వరం. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. డెబ్భై ఏళ్లు. ఆయన చనిపోయేదాకా, ఒక అధ్యక్ష ఖండం మొత్తానికి పెద్దగా ఉన్న మరో భారతీయ ఆంగ్లికన్ బిషప్ దేశంలో లేడు.

సంఘాల ఐక్యత ఆయన చూడలేదు. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, తక్కినవాళ్లు ఆ రోజు ఒకే గిన్నె ముందు నిలబడ్డారు. యాభై ఏళ్ల కిందట జబ్బుపడి ఒక కుర్రవాడు పరీక్ష తప్పిన ఊరు అదే.

ఆయన్ని పూడ్చింది తిరునెల్వేలిలో కాదు, డోర్నకల్‌లో. ఈసారి మీరు ఆ దారిన వెళ్లేటప్పుడు ఖమ్మం దాటగానే మేలుకుని ఉండండి. అక్కడ ఆగే బండ్లు కూడా ఎక్కువసేపు ఆగవు.